అమ్మవారి రేవుకు వచ్చిన మంచు

మంచుకొండను నేను కళ్ళారా ఎప్పుడూ చూడలేదు. అయితే ఏం? ధ్రువాల దగ్గరి మంచును నెలనెలా తూకం వేయడం నా ఉద్యోగం. ఫీజీ దీవుల్లోని నసీనులో బస్సెక్కి రాజధాని సూవాలో దిగి, ఏసీ సరిగా పనిచేయని గదిలో కూర్చుని, కొంగుతో చెమట తుడుచుకుంటూ అంటార్కిటికా బరువు చూస్తుంటాను. మావాళ్ళకు ఇదొక పెద్ద జోకు. పెళ్ళిలోనో పూజలోనో నేను కనిపిస్తే చాలు, "ఐస్‌బ్లాక్ డాక్టరమ్మ వచ్చింది, ఫ్రిజ్ తలుపులు వేసుకోండి" అని అరుస్తారు. నేనూ ఊరుకోను. "ఫ్రిజ్ సంగతి తర్వాత, ముందు ఆ నోటి తలుపు వేయండి" అంటాను. ఒకసారి విదేశాల్లో ఒక పెద్ద సభకు వెళితే అక్కడి తెల్లాయన ఒకడు, ఫీజీ నుంచి వచ్చి మంచు మీద పరిశోధనేమిటని నవ్వుతూ అడిగాడు. అది కరిగి మా ఇంటికే వస్తోంది కాబట్టి, వచ్చే చుట్టం ఎలాంటిదో తెలుసుకుంటున్నానని చెప్పాను. వాడు నవ్వడం మానేశాడు.

ఇంట్లో, బజార్లో నేను మాట్లాడేది ఫీజీ హిందీ. ఆఫీసులో ఇంగ్లీషు. మా నాయనమ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్న తెలుగు మాత్రం కోపం వచ్చినప్పుడు గడగడా వచ్చేస్తుంది. అందుకే ఈ సంగతి తెలుగులో చెబుతున్నాను.

ఆ కోపం తెప్పించినవాడు మా బావ ముకేష్. మా మేనత్త బసంతి కొడుకు. ఉత్తరాన వనువా లేవు దీవిలో, వాయినికోరోలో చెరకు పండిస్తాడు. అక్కడి మారెమ్మ గుడి కమిటీకి ప్రెసిడెంటు కూడా. పోయిన హరికేన్‌లో సముద్రం ఏటి వెంట పైకి ఎగదన్ని ఊళ్ళోకి వచ్చింది. ఎనభై దాటిన మా అత్త వంటింటి బల్ల మీద నిలబడి, పైన దూలం పట్టుకుని ప్రాణం దక్కించుకుంది. ఆ తర్వాత ఏదో విదేశీ సంస్థ ఊరికి ఒక హాలు మంజూరు చేసింది. హరికేన్ వస్తే ముసలివాళ్ళు, పిల్లలు వెళ్ళి తలదాచుకునే హాలు. సముద్రమట్టం తెలిసిన సైంటిస్టు ఒకరు "ఈ చోటు క్షేమం" అని సంతకం పెడితేగాని పని మొదలుపెట్టకూడదని ఆ సంస్థ షరతు. ఇంకేం, మా బావకు మరదలు గుర్తొచ్చింది.

"మరదలా, ఖాలీ ఒక సైన్ కావాలి. పూజకు రా, పూరీలు తిను, సైన్ పెట్టు, వెళ్ళిపో. అంతే" అన్నాడు ఫోనులో.

"హాలు ఎక్కడ కడుతున్నారు బావా?"

"ఇంకెక్కడ? అమ్మవారి పక్కనే. రేవు మీద. గుడి జమీన్, ఫ్రీ."

"హరికేన్‌లో అత్త ఇంట్లోకి నీళ్ళు ఎటునుంచి వచ్చాయి?"

"రేవు నుంచే. అయితే?"

"అయితే జనాన్ని తీసుకెళ్ళి మళ్ళీ ఆ రేవులోనే దాచిపెడతావా?"

"అరే, కాంక్రీట్ హాల్, కామిని! లంబాస నుంచి సత్యేంద్ర ఇంజనీర్ వచ్చి లెవెల్ తీసిండు. సబ్ ఠీక్ హై. నీకు అన్నిట్లో డౌటే" అని ఫోను పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను సంతకం పెడితే, రేపు హరికేన్ వచ్చినప్పుడు మా అత్త ఆ సంతకాన్ని నమ్మి ఆ హాల్లోకి నడిచి వెళుతుంది. ఆమె వెంట ఊరి పిల్లలు వెళతారు. పెట్టకపోతే ఇంకెవరి చేతనో పెట్టించుకుంటారు. ఫోనులో తేలే వ్యవహారం కాదని, తాడో పేడో అక్కడే తేల్చుకుందామని విమానం ఎక్కాను.

నేను వెళ్ళిన రోజు పౌర్ణమి. పొద్దున్నే పూజ అయిపోయింది. గుడి ముందు రేకుల పందిట్లో చాపల మీద కమిటీ కూర్చుంది. మధ్యలో చెక్క గిన్నె నిండా యంగోనా వేళ్ళు పిండిన మత్తు నీళ్ళు, కొబ్బరి చిప్పతో ఒక్కొక్కరికీ అందిస్తున్నారు. మగవాళ్ళు తాగడం, మూడు చప్పట్లు కొట్టడం, మళ్ళీ తాగడం. ఆడవాళ్ళం ఇంకో పక్క కూర్చున్నాం. మా బసంతి అత్త నా చేయి పట్టుకుని వదలలేదు. పందిరికి నాలుగడుగుల దూరంలో ఏటి రేవు, ఆ రేవుకు సిమెంటు మెట్లు. పోటు నిండుగా ఉంది.

సత్యేంద్ర మర్యాదస్తుడు. లేచి నిలబడి కాగితం చూసి చెప్పాడు. సముద్రం పెరగడానికి ప్రపంచ సగటు తీసుకున్నాడట. దాని మీద ఇంకొంత కలిపి హాలు అరుగు ఎత్తు నిర్ణయించాడట.

"సగటు ఎక్కడిది?" అన్నాను.

"ప్రపంచం మొత్తానిది మేడమ్."

"మరి హాలు కట్టేది ప్రపంచం మొత్తానికా, వాయినికోరోకా?"

మా అత్త నా మోచేతి మీద తట్టింది. "ఏం కొట్లాట పిల్లా ఇది? నాకూ తెలిసేట్టు చెప్పు. నీళ్ళల్లో నిలబడింది నేను గదా" అంది.

ఇంగ్లీషులో ఎన్నో సభల్లో చెప్పిన మాటే. తెలుగులో, అత్తకు, అంతమంది ముందు చెప్పడం అదే మొదలు.

"అత్తా, ఆకాశంలో రెండు ఉపగ్రహాలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటాయి. కింద బాగా బరువున్న చోటు వస్తే అది ముందున్నదాన్ని ముందుగా లాగుతుంది. రెండింటి మధ్య ఎడం రవ్వంత మారుతుంది. ఆ ఎడం కొలిచి కింద ఎంత బరువుందో లెక్కగడతాం. దక్షిణ ధ్రువం మీద, ఉత్తరాన గ్రీన్లాండ్ మీద కొండంత మంచు ఉంది. దాని బరువు ఏటేటా తగ్గిపోతోంది."

"తగ్గింది ఎక్కడికి పోతాది?"

"సముద్రంలోకి."

"అట్లయితే అందరికీ సమానంగానే పంచుతాది గదా. ఈ బాబు చెప్పింది కరక్టే."

"అక్కడే ఉంది తిరకాసు. అంత మంచు ఒకచోట పేరుకుంటే అది సముద్రాన్ని కూడా తనవైపు లాక్కుని పెట్టుకుంటుంది. ఉన్నవాడికి అందరూ చుట్టాలే అంటావు కదా నువ్వు? ఆ ఉన్నవాడి సొమ్ము కరుగుతుంటే చుట్టాలు ఏం చేస్తారు?"

"మెల్లగా జారుకుంటారు" అంది మా అత్త, చప్పున.

"అదే జరుగుతోంది. కరిగిన నీళ్ళు సరే, మంచు పక్కన ఇన్నాళ్ళూ చేరి ఉన్న నీళ్ళు కూడా దాన్ని వదిలేసి దూరాన ఉన్న ఇళ్ళకు బయలుదేరాయి. మంచు దగ్గర సముద్రం దిగుతుంది. మనలాంటి దూరపువాళ్ళ దగ్గర సగటు కంటే ఎక్కువ ఎక్కుతుంది. సత్యేంద్రగారి కాగితంలో ఆ ఎక్కువ లేదు."

"బాగుందమ్మా వరస! వాళ్ళ సొమ్ము పోతే చుట్టాలు వచ్చి మన నెత్తిన పడాలా?" అంది అత్త. ఆడవాళ్ళందరూ గొల్లుమన్నారు. సత్యేంద్ర తల గోక్కుని ఏదో రాసుకున్నాడు. గెలిచేశానని అనుకున్నాను.

అప్పుడు లేచాడు మా బావ. చిప్పలో యంగోనా గుక్కలో తాగి, మూతి తుడుచుకుని, రేవు వైపు చేయి చాపాడు.

"మరదలు బాత్ మంచిగా చెప్పింది. నేను ఒకే బాత్ అడుగుతా. దేఖో, నిండు పోటు. ఎన్ని మెట్లు పొడిగా ఉన్నాయి?"

"మూడు" అన్నారు అందరూ.

ఇక్కడ ఆ రేవు ఆచారం చెప్పాలి. ఏటా జాతరకు అమ్మవారి పేర నెత్తిన మోసే కరగం కడవ ముంచేది ఆ రేవులోనే. కడవ మోసేవాడు పౌర్ణమి నిండు పోటులో నీటి అంచున నిలబడతాడు. అప్పుడు కూడా పైన మూడు మెట్లు పొడిగా ఉండాలి. మూడోది తడిసిందంటే అమ్మవారు అలిగిందని అర్థం, ఆ ఏడు జాతర జరగదు. చెరకు కోతకు గిర్మిట్ మీద, అంటే కూలి ఒప్పందం మీద వచ్చిన మా ముత్తాతలు పెట్టిన కట్టుబాటు అది. భాష సగం పోయింది, పాటలు ముప్పాతిక పోయాయి, ఆ మూడు మెట్లు మాత్రం పోలేదు.

"సన్యాసి తాతా, నీ చిన్నప్పుడు ఎన్ని?" అని అడిగాడు బావ. సన్యాసి తాత ఆ గుడి పూజారి, మా అత్త ఈడువాడు.

"మూడే నాయనా. ఒక్క జాతర కూడా ఆగలేదు" అన్నాడు తాత.

"మా తాత టైంలో మూడు. మా నాన్న టైంలో మూడు. ఇప్పుడు మూడు. నీళ్ళు ఎక్కితే మూడు ఎట్లా ఉంటాయి? నీ సాటిలైట్ పైన ఎక్కడో ఉంది. అమ్మవారు ఇక్కడ ఉంది. నేను ఎవరి మాట సునాలి?"

మగవాళ్ళందరూ దొప్పచేతులతో మూడు చప్పట్లు కొట్టారు. నిజం చెబుతున్నాను, ఆ ఒక్క నిమిషం నాకు భయం వేసింది. కళ్ళ ముందు మూడు మెట్లు పొడిగా ఉన్నాయి. నా లెక్క తప్పని ఒప్పుకోవాలి, లేకపోతే ఈ మెట్లు తప్పని చూపించాలి. అమ్మవారి రేవు తప్పని ఆ పందిట్లో ఎవరితో అనగలను?

మా పనిలో ఒక పెద్ద మోసం ఉంది. అంటార్కిటికాలో మంచు కింద రాతినేల ఉంటుంది. ఒకప్పుడు ఇంకా ఎక్కువ మంచు మోసి అణిగిపోయిన నేల అది. బరువు తగ్గిన కొద్దీ ఇప్పటికీ మెల్లగా పైకి లేస్తోంది. ఆ లేచే రాతి బరువు కూడా ఉపగ్రహానికి తగులుతుంది. ఆ సంగతి తెలియనివాడు చూస్తే పైన మంచు పోతున్నా ఏమీ పోనట్టే కనిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు మొట్టమొదట నేర్పింది ఇదే. దేన్ని ఆనుకుని కొలుస్తున్నావో అది కదులుతోందా అని ముందు చూసుకోవాలి.

నేను మెట్లకేసి మళ్ళీ చూశాను. అన్నిటికంటే పైమెట్టు సిమెంటు ఇంకా తెల్లగా ఉంది. దాని కిందిది బూడిదరంగు. మూడోది నాచుపట్టి నల్లబడిపోయింది.

"బావా, ఆ పైమెట్టు ఎవరు కట్టారు?" అన్నాను.

"మేమే. మొన్న హరికేన్ పోయినాక. మరమ్మతు."

"దాని కిందిది?"

"మా నాన్న ప్రెసిడెంట్ ఉన్నప్పుడు."

"ఎందుకు కట్టారు?"

"ఎందుకేంటి? మూడోది తడుస్తోంది కదా. మూడు పొడిగా ఉండాలె కదా. అందుకని కొంచెం మట్టి పోసి, గట్టు లేపి, పైన ఒకటి..."

అక్కడ ఆగాడు. చిప్ప అందుకోబోయినవాడి చేయి గాలిలోనే ఉండిపోయింది.

"చెప్పు బావా. నీళ్ళు ఒక మెట్టు మింగినప్పుడల్లా మీరు పైన ఒక మెట్టు కట్టారు. తర్వాత కూర్చుని మూడని లెక్కపెట్టుకున్నారు. మీ నాన్న అదే చేశాడు, ఆయనకు ముందువాళ్ళూ అదే చేసి ఉంటారు. అమ్మవారు అలుగుతూనే ఉంది. మీరే ఆవిడ నోట్లో సిమెంటు కుక్కుతున్నారు."

"జబాన్ సంభాల్ కామిని!" అని ఎగిరాడు ముకేష్. మొహం ఎర్రబడింది. "ఒకటి రెండు కట్టాం. అయితే ఏం? ఏటి గట్టు బురద, కుంగుతాది. సముద్రం ఎక్కలేదు, నేల దిగింది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. చిన్నప్పుడు గోళీలాటలోనూ అంతే.

"కొంత కుంగింది, కాదనను" అన్నాను. "వేడెక్కి ఉబ్బిన నీళ్ళు కొంత. మిగతాది మంచు. అయినా హరికేన్ రోజున నీ హాల్లో మునిగేవాళ్ళు నీళ్ళు ఎక్కాయా, నేల దిగిందా అని అడుగుతారా? సన్యాసి తాతా, ఈ రేవు మొత్తం కొత్తగా కట్టింది ఎప్పుడు?"

తాత తటపటాయించాడు. ముకేష్ వైపు చూశాడు, అమ్మవారి వైపు చూశాడు.

"ఫీజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు. మేం కుర్రోళ్ళం. నీటి అంచు మెట్టు మీద పచ్చి సిమెంటులో వేలితో ఆ ఏడు రాసినాం. కడవ మోసేటోడు నిలబడే మెట్టు అది."

"ఇప్పుడు ఎక్కడుంది ఆ మెట్టు?"

ఎవరికీ తెలియదు. నేను చెప్పులు విడిచి రేవువైపు నడిచాను. వెనకనుంచి ముకేష్ అరుస్తున్నాడు. పౌర్ణమినాడు కరగం మోసేవాడు తప్ప ఎవరూ ఆ రేవులో దిగకూడదట, అందులోనూ ఆడది అసలు దిగకూడదట.

"అమ్మవారు ఆడది కాదా? ఆవిడ రేవులో నేను దిగకూడదా? అలిగితే నా మీద అలగనీ" అంటూ చీర దోపుకుని దిగేశాను.

పొడి మెట్లు దాటాక నీటి కింద మొదటి మెట్టు జారింది. రెండోదాని మీద పాదం మోపితే పాకుడు పేరుకుని ఉంది. నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. కాలి బొటనవేలితో పాకుడు గీరాను. గీతలాగా తగిలింది. చీర తడిస్తే తడిసిందని వంగి, నీళ్ళలోకి చేయి పెట్టి అరచేత్తో తుడిచాను. ఒకటి. తొమ్మిది. ఏడు తోక కొంచెం విరిగింది. చివర సున్నా. ఏదో కుర్రవాడు వేలు గుచ్చి రాసిన అంకెలు నా వేళ్ళకు లోతుగా తగిలాయి.

"ఇదిగో నీ స్వాతంత్ర్యం!" అని కేకేశాను. "నా మోకాలి కింద ఉంది. రండి, వచ్చి ఎవరైనా తడిమి చూసుకోండి!"

గట్టు మీద అందరూ వచ్చి నిలబడ్డారు, దిగడానికి మాత్రం ఒక్కడూ ముందుకు రాలేదు. అప్పుడు మా బసంతి అత్త వచ్చింది. ఆపబోయిన మనవరాలి చేయి విదిలించుకుంది. పిర్రల మీద కూర్చుని ఒక్కొక్క మెట్టే జరుగుతూ నీటి దాకా వచ్చి, నా భుజం పట్టుకుని లేచి నా పక్కన నిలబడింది. పోయిన హరికేన్ తర్వాత ఆమె నీళ్ళలో కాలు పెట్టడం అదే మొదలు. పాదంతో ఆ అంకెలు తడుముకుంది.

"ముకేష్, గుళ్ళో దీపం తీసుకురా" అంది.

"అమ్మా, నువ్వు పైకి రా, పడతావు..."

"తీసుకురా అన్నాను."

ఎంత ప్రెసిడెంటయినా తల్లి మాట తల్లి మాటే. మట్టి ప్రమిదలో వెలుగుతున్న దీపం తెచ్చి, ప్యాంటు తడుపుకుంటూ దిగాడు. గాలికి ఆరకుండా అరచేయి అడ్డం పెట్టుకున్నాడు.

"స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఈ మెట్టు మీద నేను దీపం పెట్టినాను" అంది అత్త. "నిండు పోటు. నువ్వు నా కడుపులో ఉన్నావు. నీ కోసమే పెట్టినాను. నీళ్ళు దాని కిందనే ఆగినాయి, నూనె అయిపోయేదాకా వెలిగింది. నువ్వు నీళ్ళు ఎక్కలేదంటావు గదా? పెట్టు దీపం. అదే చోట పెట్టు."

ముకేష్ కిందకు చూశాడు. ప్రమిద పట్టుకుని కొంచెం వంగాడు, మళ్ళీ లేచాడు. దీపం మంట నీళ్ళలో కనిపిస్తోంది, దాని కింద ఎక్కడో ఆ మెట్టు ఉంది.

"ఎక్కడ పెట్టాలమ్మా?" అన్నాడు.

"అదే నేనూ అడుగుతున్నాను. ఎందుకు పెట్టలేవు?"

"నీళ్ళున్నాయి."

"గట్టిగా చెప్పు. గట్టు మీదోళ్ళకు వినపడాలి."

"నీళ్ళున్నాయి!" అని అరిచాడు మా బావ. "నీళ్ళు ఎక్కినాయి!"

సన్యాసి తాత గట్టు మీద రెండు చేతులూ జోడించాడు. సత్యేంద్ర తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు కోపం పోలేదు గానీ కళ్ళు నిండిపోయాయి, ఎందుకో నాకే తెలియలేదు. అత్త నా భుజం మీద బరువంతా ఆన్చి నిలబడి ఉంది.

బావ నావైపు తిరిగాడు. దీపం ఇంకా చేతిలోనే ఉంది.

"ఎంత ఎత్తు కావాలి మరదలా?"

స్కూలు వెనక గుట్ట చూపించాను.

"అది మనది కాదు. ఇక్కడి మూలవాసుల, ఫీజియన్ వంశంవాళ్ళ జమీన్. వాళ్ళను అడగాలె. లీజ్ అంటే ఏళ్ళు పడతాది, వాళ్ళు నహీ అంటే?"

"యంగోనా వేళ్ళ కట్ట కానుకగా పట్టుకుని వెళ్ళి వాళ్ళ పెద్ద ముందు కూర్చుందాం. నహీ అంటే మళ్ళీ వెళదాం. వాళ్ళ ఇళ్ళలోకి మాత్రం నీళ్ళు రాలేదా?"

"నువ్వు వస్తావా?"

"వస్తాను. సంతకం కూడా పెడతాను. కానీ బావా, అత్తను చెయ్యి పట్టుకుని ఆ గుట్ట ఎక్కించి, అక్కడ నిలబెట్టి పెడతాను. ఇక్కడ మాత్రం నా చెయ్యి నరికినా పెట్టను."